పసుపు కొమ్ము చెప్పే చరిత్ర

పాడేరు, చింతపల్లి మన్యంలో పసుపు మన గిరిజన రైతుల ముఖ్యమైన పంట. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి సంతకు తెచ్చే ఈ కొమ్మును కూరలోనూ, దెబ్బ తగిలిన చోటా వాడడం మన పెద్దలకు కొత్త కాదు. శాస్త్రవేత్తలు దీన్ని ఎలా చదివారో మన పిల్లలకూ తెలియాలి.

1815లో వోగెల్, పెల్లెటియర్ పసుపులోని రంగు పదార్థాన్ని వేరుచేశారు. అదే కర్కుమిన్. 1910లో దాని రసాయన నిర్మాణం తేలింది. ఇది యాంటీ ఆక్సిడెంట్, అంటే వాపు వచ్చిన చోట కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలను అణచే గుణం కలది.

1995లో గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ దక్కింది. మన దేశపు సి.ఎస్.ఐ.ఆర్. దాన్ని సవాలు చేసింది. పాత గ్రంథాలు, అచ్చయిన వ్యాసాలు సాక్ష్యంగా చూపింది. 1997లో పేటెంట్ రద్దయింది. అప్పటి అమెరికా చట్టంలో పరాయి దేశంలోని నోటిమాట, వాడుక సాక్ష్యంగా చెల్లవు. అచ్చులో ఉన్నదే చెల్లుతుంది. మనం గుర్తుంచుకోవలసినది ఇదే.

తరువాత పరిశోధన పేగుల వైపు మళ్లింది. అల్సరేటివ్ కోలైటిస్ అనే జబ్బులో పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడతాయి. రక్త విరేచనాలు అవుతాయి. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. 2006లో జపాన్ వైద్యులు, జబ్బు నెమ్మదించి ఉన్న 89 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. అందరూ మామూలు మందులు వాడుతూనే ఉన్నారు. కొందరికి అదనంగా రోజుకు 2 గ్రాముల కర్కుమిన్ ఇచ్చారు. ఆరు నెలల్లో కర్కుమిన్ తీసుకున్న 43 మందిలో ఇద్దరికి, తీసుకోని 39 మందిలో 8 మందికి జబ్బు తిరగబెట్టింది.

ఇది మంచి ఫలితమే. కానీ కర్కుమిన్ మందుకు తోడుగా నిలిచింది, మందుకు బదులుగా కాదు. పైగా పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతమే. 2 గ్రాములు కావాలంటే 60 గ్రాములకు పైగా పసుపు మింగాలి! కర్కుమిన్ మాత్రలతో కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి బిడ్డకు విరేచనంలో రక్తం పడితే పసుపు నీళ్లతో సరిపెట్టకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పసుపుకు గ్రంథాలు సాక్ష్యం పలికాయి. మన కువి, ఆదివాసీ ఒడియా మాటల్లో మాత్రమే బతుకుతున్న మొక్కలకు ఎవరు పలుకుతారు? 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉన్నాయి. సెలవులకు ఇంటికి వెళ్లే మన పిల్లల చేత మొక్క పేరు, వాడే భాగం, చెప్పిన పెద్దల పేరు రాయిద్దాం. ఆ పెద్దల అనుమతితో, ఏది బయట పెట్టాలో వారే నిర్ణయించేలా రిజిస్టరుకు ఎక్కిద్దాం. పెద్దలు ఉండగానే ఈ పని జరగాలి.