గంటు చెప్పు చరిత్ర

మా కళాశాల విద్యార్థి యొకడు తన పాత లాప్‌టాప్ మెల్లగా నడచుచున్నదని క్రొత్త ర్యామ్ పలక కొనితెచ్చెను. అది స్లాటులో సరిగా దిగలేదు. గట్టిగా నొక్కగా స్లాటే విరిగినది. పలకయు మంచిదే, యంత్రమును మంచిదే; కాని రెండును ఒక తరమునకు చెందినవి కావు. ఈ తరములు ఎట్లు ఏర్పడినవో తెలిసికొందము.

1950 దశకపు కంప్యూటర్లలో తీగలు గ్రుచ్చిన చిన్న అయస్కాంత వలయములు సమాచారమును నిలిపెడివి. 1966లో ఐ.బి.ఎమ్. శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డెన్నార్డ్ ఒక బిట్టును నిలుపుటకు ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు చాలునని గ్రహించెను. కెపాసిటరులో విద్యుదావేశమున్నచో 1, లేనిచో 0. చిల్లికుండలోని నీటివలె ఈ ఆవేశము కారిపోవుచుండును; కావున సెకండునకు పలుమారులు దానిని మరల నింపుచుండవలెను. నేటి ర్యామ్‌నకును ఇదియే మూలము.

తొలుత చిప్పులను ఒక్కొక్కటిగా అమర్చెడివారు. 1980 దశకములో అమెరికాలోని వాంగ్ లాబొరేటరీస్ వారు కొన్ని చిప్పులను ఒక చిన్న పలకపై అతికి, ఆ పలకనే గ్రుచ్చు పద్ధతిని తెచ్చిరి. ఒక సంస్థ పలక వేరొక సంస్థ యంత్రమునకు సరిపోవలెనన్నచో కొలతలపై ఒప్పందముండవలెను గదా! ఆ పనిని జెడెక్ అను ప్రమాణ సంస్థ నెరవేర్చుచున్నది. డి.డి.ఆర్. ప్రమాణము 2000లోను, దాని రెండవ తరము 2003లోను, మూడవది 2007లోను, నాల్గవది 2012లోను, ఐదవది 2020లోను వెలువడినవి. వేగము పెరిగినకొలది వేడిమి పెరుగకుండుటకై వోల్టేజి తగ్గుచు వచ్చినది: వరుసగా 2.5, 1.8, 1.5, 1.2, 1.1 వోల్టులు.

తక్కువ వోల్టేజికి చేసిన పలకను ఎక్కువ వోల్టేజి గల స్లాటులో ఉంచినచో చెడిపోవచ్చును. అందుచేత ప్రతి తరమునకును పలక అంచుననున్న గంటును ప్రక్కకు జరిపిరి. లాప్‌టాప్ పలకలలో మొదటి రెండు తరములకును 200 పిన్నులే; గంటు చోటు మాత్రము కొద్దిగా వేరు. తరువాత పిన్నులు వరుసగా 204, 260, 262 అయినవి. గంటు మనకు అడ్డము కాదు, కావలి.

అయితే ఈ కావలి ఏమరు సందర్భమొకటి కలదు. 2010లో 1.35 వోల్టుల డి.డి.ఆర్.3ఎల్ వచ్చినది. దాని గంటు, పిన్నులు డి.డి.ఆర్.3 వలెనే ఉండును. ఈ పలక 1.5 వోల్టుల వద్దను పనిచేయును, కాని 1.35 వోల్టులకే ఏర్పడిన లాప్‌టాప్‌లో మామూలు డి.డి.ఆర్.3 పనిచేయకపోవచ్చును. ఇచ్చట గంటు కంటె చీటీ ముఖ్యము. పలకపై పి.సి.3 అని యున్నదా, పి.సి.3ఎల్ అని యున్నదా చూడవలెను.

కావున కొనుటకు ముందు యంత్రమును ఆపి, బ్యాటరీని విడదీసి, పాత పలకపై చీటీని చదువవలెను. ఆ యంత్రము ఎన్ని గిగాబైట్ల వరకు స్వీకరించునో తయారీదారుల పుస్తకములో చూడవలెను. కొన్ని పలుచని లాప్‌టాప్‌లలో ర్యామ్‌ను మదర్‌బోర్డునకే టంకము వేసి అతికెదరు; దానిని మనము మార్చలేము.

ఉపాధ్యాయులు పాడైన పలకలను తరగతికి తెచ్చి, గంటును, చీటీని బట్టి వాని తరమును విద్యార్థులచే గుర్తింపజేయవచ్చును. అట్లు నేర్చినవారి చేతిలో స్లాటు విరుగదు. మూలపడిన యంత్రములు కొన్ని మరల పనికివచ్చును.