గుల్లసున్నం, కోరంగి రేవు

మా చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతాల పాత ఇండ్ల గోడలు డంగు సున్నంతో లేచినవి. ఆ సున్నానికి మూలం సున్నపురాయి. గోదావరి డెల్టాలో రాయి అరుదు. అక్కడ బట్టీకి ఎక్కేది సముద్రపు గుల్లలే. గుల్లలను, బొగ్గును పొరలుపొరలుగా పేర్చి కాలుస్తారు. కాలిన గుల్లపై నీరు చల్లితే బుసబుసమని పొంగి పిండి అవుతుంది. గోడకెక్కిన పిమ్మట ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లమెల్లగా మరల గుల్లనాటి పదార్థమే అవుతుంది. రసాయనశాస్త్రం చెప్పే ఈ మాట నాకెంతో ఇష్టం.

కాకినాడ అఖాతపు గుల్లలెన్నో ఇలా సున్నమైనవే. ఆ అఖాతానికి దాపునే, గౌతమి పాయ మీద, ఓడలు కట్టి, పాతవాటిని బాగుచేసి పంపిన కోరంగి రేవు ఉండేది. 1789 డిసెంబరులో, తిరిగి 1839 నవంబరులో ఉప్పెన దానిపై పడింది. రెండవసారి 20,000 నావలు, 3 లక్షల జనం పోయారని అంతటా వ్రాస్తుంటారు. ఒక్క నదీముఖాన అన్ని నావలు నిలవడానికి చోటెక్కడిది? ఆ అంకెలను నేను నమ్మను. ఉప్పెన గాయపరచింది గాని, రేవును నిదానంగా చంపింది గోదావరి ఒండ్రేనని నా అభిప్రాయం. మొగ పూడింది, వర్తకం కాకినాడకు తరలింది. ఊరు మిగిలింది, చుట్టూ మడ అడవి మిగిలింది. 1978 నుండి ఆ అడవి అభయారణ్యం.

రేవు పేరు మాత్రం ఓడెక్కి బర్మా చేరింది. అక్కడ తెలుగువారందరూ 'కోరంగీ'లే, విశాఖ, గంజాం జిల్లాల నుండి వెళ్లినవారు కూడా. పిలుపులో ఈసడింపు ఉండేది.