రోలర్ కోస్టర్ సీటు బార్లు (చరిత్ర)

రోలర్ కోస్టర్ వంటి వేగపు ఆటబండ్లలో కూర్చున్నవారు సీట్లోంచి లేచిపోకుండా, జారిపోకుండా పట్టి ఉంచే బార్లు, బెల్టులు, భుజాల తొడుగులు ఈ వ్యాసంలోని విషయం. తొడల మీదికి దిగేది ల్యాప్ బార్. తల మీదుగా వచ్చి రొమ్మును అదిమిపట్టేది షోల్డర్ బార్. అనంతపురం జిల్లా కణేకల్ చుట్టుపక్కల పల్లెల్లో చాలామందికి ఈ ఏర్పాటు పరసల్లో వెలిసే జెయింట్ వీల్ తొట్టికి అడ్డంగా తగిలించే గొలుసు, కొక్కెం రూపంలోనే పరిచయం.

తొలి దశ

రష్యాలో మంచు దిబ్బల మీద జారే ఆట నుంచి, 1817లో పారిస్‌లో చక్రాల బండ్ల దాకా మనిషికి తన చేతి పట్టే ఆధారం. 1884లో లామార్కస్ థాంప్సన్ న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో నడిపిన స్విచ్‌బ్యాక్ రైల్వే గంటకు 6 మైళ్లకు మించి పోయేది కాదు. జనం పక్కకు తిరిగి బల్ల మీద కూర్చునేవారు. బార్ అవసరమే రాలేదు. 1895లో అక్కడే ఫ్లిప్ ఫ్లాప్ అనే బండి గుండ్రటి చుట్టులో మనుషుల్ని తలకిందులు చేసింది. కిందనుంచి పైకి మళ్లేచోట పడే కుదుపుకు ఎక్కినవారికి మెడలు పట్టేసేవి. 1907లో అదే తీరంలో మొదలైన డ్రాప్ ది డిప్స్‌లో తొలి ల్యాప్ బార్ అమర్చారని చెబుతారు. జాన్ మిల్లర్ 1919లో పేటెంట్ పొందిన అడుగు చక్రం బండి పట్టాల మీంచి లేచిపోకుండా చేసింది. బండి లేవదని తేలాక దిగుళ్లు నిటారయ్యాయి, ఇక మనిషిని పట్టి ఉంచాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆర్థిక మాంద్యం, యుద్ధం వల్ల నాలుగు దశాబ్దాలు పెద్ద మార్పేమీ లేదు.

1975 తర్వాత

ఈ చరిత్రలో అసలు ఘట్టం ఇదే. 1975లో కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫామ్‌లో ఆరో (Arrow) అనే సంస్థ కట్టిన కార్క్‌స్క్రూ తెరుచుకుంది. ఆధునిక కాలంలో మనిషిని తలకిందులు చేసిన తొలి ఉక్కు కోస్టర్ అది. ఆరో దీనికి షోల్డర్ బార్లు పెట్టింది. మరుసటి ఏడాది, 1976లో, ఇప్పటి సిక్స్ ఫ్లాగ్స్ మ్యాజిక్ మౌంటెన్‌లో జర్మన్ నిర్మాత ఆంటన్ ష్వార్జ్‌కాఫ్ గ్రేట్ అమెరికన్ రివల్యూషన్ కట్టాడు. ఇంజనీర్ వెర్నర్ స్టెంగెల్ ఆ చుట్టును నిండు వృత్తంగా కాక, పైకి పోయేకొద్దీ వంపు బిగుసుకునే నీటిబొట్టు ఆకారంలో గీశాడు. దాంతో శిఖరాన తలకిందులుగా ఉన్నప్పుడు కూడా మనిషి సీటుకే అదుముకుంటాడు కనుక ల్యాప్ బార్ సరిపోయింది. అందమైన లెక్క అది.

ఆ లెక్క మీద నమ్మకం కుదరకో, జనాన్ని ఊరడించడానికో, 1990ల తొలినాళ్లలో ఆ బండికే షోల్డర్ బార్లు తగిలించారు. చెవుల పక్కన గట్టి దిమ్మెలు వచ్చాయి, మలుపుల్లో తల అటూ ఇటూ వాటికే కొట్టుకుంది. భద్రత కోసమన్న బారే తలనొప్పి తెచ్చిందన్న ఫిర్యాదు ఆ తరం కోస్టర్లు చాలావాటి మీద ఉంది. 2016లో న్యూ రివల్యూషన్ పేరుతో తిరిగి తెరిచినప్పుడు భుజాల బార్లు తీసేసి ల్యాప్ బార్‌కే వచ్చారు. ఇంతలో ఇతర కంపెనీలు గట్టి బార్ల స్థానంలో మెత్తటి చొక్కాలాంటి తొడుగులు తెచ్చాయి.

లాక్ పని తీరు

పాత బార్లలో పళ్ల చక్రం, దానికి అడ్డుపడే నాలుక ఉంటాయి. సైకిల్ ఫ్రీవీల్ టకటకమన్నట్టే బార్ దిగేటప్పుడు మెట్టు మెట్టుకూ చప్పుడవుతుంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఒళ్లు ఇరుక్కుంటే ఒక మెట్టు వదులు, ఇంకొకటి బిగువు. దారిలో కుదుపుకు ఇంకో మెట్టు దిగితే తొడలు నొప్పెడతాయి. హైడ్రాలిక్ సిలిండర్‌కు మెట్లు లేవు, ఒంటికి ఆనిన చోటే ఆగుతుంది. ప్రమాదకరమైన బండ్లకు ఒకటి చెడినా రెండోది పట్టేలా జంట లాక్ పెడతారు. అమెరికా ఏఎస్‌టీఎం ప్రమాణం బండి మనిషిని ఏ దిక్కుకు ఎంత బలంతో తోస్తుందో చూసి బార్లను ఐదు తరగతులుగా విడదీసింది. మొదటి తరగతికి బార్ అక్కర్లేదు. భారతీయ ప్రమాణాల సంస్థ ఆటబండ్ల భద్రతకు 2004లో ఐఎస్ 15475ను వెలువరించింది.

కొన్ని పెద్ద ప్రమాదాలకు లాక్ విరగడం కారణం కాదు, బార్ ఒంటికి కుదరకపోవడం కారణం. 2004లో సిక్స్ ఫ్లాగ్స్ న్యూ ఇంగ్లండ్‌లో ఒకరి పొట్ట దగ్గరే ఆగిన బార్ తొడల దాకా దిగలేదు, ఆయన కిందపడి చనిపోయాడు. 2022 మార్చిలో ఓర్లాండోలో, కోస్టర్ కాకపోయినా అలాంటి బార్లే ఉన్న ఎత్తు టవర్ నుంచి 14 ఏళ్ల కుర్రవాడు జారి పడ్డాడు. ఆ సీటు సెన్సర్‌ను చేత్తో సర్ది, బార్‌కీ సీటుకీ మధ్య సందు ఎక్కువున్నా బండి కదిలేలా చేశారని దర్యాప్తు తేల్చింది. అందుకే బండి కదిలేముందు నడిపే మనిషి ప్రతి బార్‌నూ పైకి లాగి చూడటం మానకూడని పని.

తెలుగు ప్రాంతంలో

2016లో హైదరాబాద్ శివారు రావిర్యాలలో వండర్‌లా పార్కు తెరుచుకుంది. ముందుకు పోయి అదే దారిన వెనక్కి వచ్చే రికాయిల్ కోస్టర్ అక్కడ ఉంది. కణేకల్ వైపు మాత్రం పెన్నహోబిలం ఉత్సవాలకో, రాయదుర్గం, బళ్లారి ఎగ్జిబిషన్లకో లారీల్లో వచ్చి, నాలుగు రోజుల్లో బిగించి, ఊడదీసి పోయే బండ్లే ఆట. వీటికి బార్ ఒక్కటే రక్షణ కాదు. 2018 మే నెలాఖరున అనంతపురం ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ తొట్టే ఊడిపడింది. పదేళ్ల పాప ప్రాణం పోయింది, మరికొందరు గాయపడ్డారు. బోల్టు సడలడమే కారణమని అప్పటి వార్తలు. తొట్టే రాలిపోతే లోపలి గొలుసు ఎంత గట్టిదైనా ఒకటే.

దీనికి భిన్నమైన సంఘటన 2025 జనవరి 16న హైదరాబాద్ నుమాయిష్‌లో జరిగింది. ఒక బండి గాల్లో ఆగిపోయి, ఎక్కినవారు 20 నిమిషాలకు పైగా తలకిందులుగా వేలాడారు. బ్యాటరీ సమస్య అన్నారు. కరెంటు పోయినా తెరుచుకోకుండా ఉండేలా చేసిన షోల్డర్ బార్లు అంతసేపూ బరువు మోశాయి, అందరూ క్షేమంగా దిగారు.