‘మందబుద్ధి’ యను ముద్ర – పరభాషా పాఠశాలలోని బిడ్డ

1904లో ఫ్రాన్సు విద్యాశాఖ, సామాన్య తరగతులలో చదువు సాగని పిల్లల విషయమును పరిశీలించుటకొక సంఘమును నియమించెను. అందలి సభ్యుడగు ఆల్ఫ్రెడ్ బినే, సైమన్ అను వైద్యునితో కలసి 1905లో ఒక ప్రశ్నావళిని కూర్చెను. ఏ బిడ్డకు సాయము కావలయునో తెలిసికొనుటయే దాని యుద్దేశము. బుద్ధి పుట్టుకతోనే కొలిచి పెట్టబడినదను వాదమును బినే 1909లో గట్టిగా ఖండించెను. కాని కొలబద్ద నిర్మాత చేయి దాటెను. అమెరికాలో 1910లో గొడ్డార్డు ‘ఇడియట్’, ‘ఇంబెసిల్’, ‘మోరాన్’ అని మెట్లు కట్టెను. చివరి పేరు ఆయన సృష్టియే. సాయము కొరకు పుట్టిన పరీక్ష ఇట్లు ముద్ర వేయు పనిముట్టయ్యెను.

మన దేశమున రైస్ అను విద్వాంసుడు 1929లో హిందూస్థానీ సవరణను ప్రకటించెను. ధార్వాడలో వి. వి. కామత్ కన్నడ, మరాఠీ బాలుర కనువుగ బినే ప్రశ్నలను సవరించి, 1940లో గ్రంథము వెలువరించెను. భాష మారిన ప్రశ్నయు మారవలెనని గ్రహించిన ఆయన కృషి మెచ్చదగినది. అయినను ఇంట తెలుగు పలికి బడిలో కన్నడము చదువు బిడ్డను ఏ కొలబద్దతో కొలుతుము?

ఈ ప్రశ్న కాలిఫోర్నియాలో న్యాయస్థానమున కెక్కినది. ఇంట స్పానిషు మాటలాడు తొమ్మండుగురు పిల్లలను ఆంగ్లములో పరీక్షించి, మందబుద్ధుల తరగతిలో కూర్చుండబెట్టిరి. స్పానిషులో మరల పరీక్షింపగా వారిలో అధికులు ఆ తరగతికి చెందనివారని తేలెను. ‘డయానా’ వ్యాజ్యముగా ప్రసిద్ధమైన ఆ తగవు 1970లో ఒడంబడికతో ముగిసెను: బిడ్డను ఇంటి భాషయందును పరీక్షింపవలెను.

తమిళనాట మన పిల్లల సంగతి చూడుడు. 2006 నాటి చట్టముచే తమిళము పాఠశాలలలో క్రమముగా నిర్బంధ పాఠ్యమైనది. తమిళ లిపిలో ‘క’కును ‘గ’కును ఒక్కటే అక్షరము, ఒత్తక్షరములు లేవు. రెండు ధ్వనులను వేరుగా వినుట కలవడిన తెలుగు బిడ్డ ఆ యొక్క అక్షరము నెదుట తడబడినచో, అది చెవి దోషము కాదు, బుద్ధి దోషము అంతకంటె కాదు. ఒడిశాలో లిపియే పూర్తిగ వేరు. కన్నడ దేశమున మాత్రము లిపులు అక్కసెల్లెండ్రు. ఆ పోలికయే ఒక్కొక్కపుడు తికమకకు హేతువగుట విచిత్రము.

ఇంగ్లండులో వార్నాక్ సంఘము 1978లో, ప్రతి అయిదుగురిలో నొకరికి చదువుకాలమున నెప్పుడో యొకప్పుడు ప్రత్యేక సాయము కావలసియుండునని తేల్చి, వైకల్య వర్గములను వీడి అవసరమును చూడుడని చెప్పెను. 1981 చట్టము ఆ వర్గములను తొలగించెను. మన దేశమున 1995 చట్టమున ఏడుగా నున్న వైకల్యములు 2016 చట్టమున ఇరువదియొకటియైనవి. నిర్దిష్ట అభ్యసన వైకల్యమును అందు చేరెను. ఇది మేలే, పరీక్షలో అదనపు సమయము పొందుటకు ధ్రువపత్రము కావలయును గదా! పేరు తలుపు తీయును. లోపలనున్న బిడ్డ యెవరో చెప్పదు.

ఇందొక ప్రమాదమును కలదు. ‘పరభాష గనుక వెనుకబడినాడు’ అని సరిపుచ్చుకొని, నిజమైన వినికిడి లోపమును ఏండ్లతరబడి చూడని తల్లిదండ్రులును గలరు. అందుచే ముందుగ చెవులను, కన్నులను పరీక్షింపజేయవలెను. పిదప అమ్మమ్మ తెలుగులో చెప్పిన కథను బిడ్డ తెలుగులోనే తిరిగి చెప్పగలడేమో చూడవలెను. చెప్పగలిగినచో చిక్కు చాలవరకు బడి భాషలో నున్నదనుకొనవచ్చును. అయినను అక్షరములతోడి కష్టము వేరుగ నుండవచ్చును గనుక తెలుగు చదువునుకూడ చూడవలయును. చెప్పలేనిచో, తెలుగెరిగిన నిపుణునివద్దకు కొనిపోవలెను. ఆ నిపుణుని ముందు ఉపాధ్యాయుడును, తల్లియు తాము చూచిన దంతయు చెప్పవలెను.