వికలాంగ సంఘములు – స్వతంత్ర జీవనము

స్వతంత్ర జీవనమనగానే ఒంటరి బ్రతుకు స్ఫురించును. ఆ పేర ఉద్యమము నడపినవారి తాత్పర్యము వేరు. పోలియో వలన కాలుసేతులు చచ్చుపడి, శ్వాసయంత్రముపై ఆధారపడి బ్రతికిన ఎడ్ రాబర్ట్స్, ఆయన సహచరులు 1972లో అమెరికాలోని బర్క్‌లీ నగరమున ఒక కేంద్రమును నెలకొల్పిరి. పరిచారకుని నియమించుకొనుట, ఉండుచోటు ఎంచుకొనుట వికలాంగుని యిష్టమునకే విడువవలెనని వారి వాదము. ఆలోచన చెప్పువాడును వైకల్యమును స్వయముగా అనుభవించినవాడై యుండవలెననుట వారి రెండవ సూత్రము.

ఈ రెండవ సూత్రమునకు సన్నిహితమైన ఉదాహరణము తెలుగునాట పల్లెలలో కనబడుచున్నది. 2000లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రపంచబ్యాంకు ఋణముతో ‘వెలుగు’ పథకమును 6 జిల్లాలలో ఆరంభించెను. తరువాతి విడతలో మరి 16 జిల్లాలకు విస్తరించినపుడు కృష్ణాజిల్లా అందు చేరినది. నందిగామ, జగ్గయ్యపేట మండలములు నాడు ఆ జిల్లాలోనివి. 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లాలోనివి. స్త్రీల పొదుపు సంఘముల మాదిరిగనే ఈ పథకమున వికలాంగులకు వేరు సంఘములు, వానిపై మండల వికలాంగుల సమాఖ్యలు ఏర్పడినవి.

పొదుపు, అప్పు – పైకి కనబడు పని యింతియే. కాని ధ్రువపత్రము సంపాదించినవాడు ఇంకను సంపాదింపనివానికి దారి చెప్పుట, కాలు లేనివాడు కాగితము చదువగా చూపులేనివాడు వెంట నడచుట ఇట్టిచోటనే సాధ్యము. అంధపంగు న్యాయము సాంఖ్యులది. అందు ప్రయోజనము తీరగానే ఇరువురు విడిపోవుదురు. సంఘమున విడిపోరు, మరుసటి వాయిదా కట్టవలసియే యున్నది గదా!

పేరు విషయమున ఒక మాట. ప్రభుత్వము ‘విభిన్న ప్రతిభావంతులు’ అనినది. 2015 నుండి ‘దివ్యాంగులు’ అనుమాట వ్యాపించినది. వికలాంగులను పొగడు ఈ పేర్లకంటె, వారు తమ హక్కులకై నిలిచినపుడు వాడుకొన్న ‘వికలాంగ’ శబ్దమే మాకు గౌరవప్రదముగ తోచుచున్నది. చట్టము గుర్తించు వైకల్యములు 1995లో 7. 2016 చట్టమున 21.

2024 జూలైలో ఆంధ్రప్రదేశమున వికలాంగుల పింఛను 3,000 నుండి 6,000 రూపాయలైనది. ఇది మిక్కిలి మేలు. అయినను ఆ సొమ్ము ఇంటి ఖర్చులో కలిసిపోయినచో దానిని ఎట్లు వ్యయింపవలెనో నిర్ణయించునది ఎవరు? సంఘపు పాసుపుస్తకము తన పేరనుండును. అందు తన మాట చెల్లును. భారతదేశము 2007లో ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 19వ అధికరణము కోరునది ఈ నిర్ణయాధికారమునే.

సంఘములకు తీర్మానముల పుస్తకములు కలవు. ఎవరు వచ్చిరి, ఎవరికి అప్పిచ్చిరి, దేనికై ఇచ్చిరి అను సంగతులు వానిలో వాడుక తెలుగున వ్రాయబడును. వికలాంగులు తమ వ్యవహారమును తామే లిఖించుకొన్న ఇట్టి ఆధారము మన భాషలో అరుదు. చెదలు పట్టకముందే వానికి ప్రతులు తీయవలసియున్నది. పరిశోధక విద్యార్థులు నందిగామ, జగ్గయ్యపేట మండలముల నుండి ఈ పని మొదలిడవచ్చును.