బస్తర్‌లో టేబుల్ సా: కోత, భద్రత

టేబుల్ సా అంటే బల్ల నడుమ సన్నని గాడిలోంచి పైకి లేచి తిరిగే గుండ్రటి రంపం. చేతిరంపం పట్టిన వడ్రంగి చెక్కను కాలితో అదిమిపెట్టి రంపాన్ని ఆడిస్తాడు. ఇక్కడ రంపం ఉన్నచోటే తిరుగుతుంది, చెక్కను పట్టిన చేతులే దానివైపు నడుస్తాయి. గుండ్రటి రంపం ప్రస్తావన ఉన్న పేటెంటును 1777లో ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ పొందాడు. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే పంటి వేగం గంటకు 190 కిలోమీటర్లు. అంత వేగంలో తప్పు తెలిసేలోపు చెయ్యి వెనక్కి రాదు. అందుకే ఈ యంత్రం మీద జాగ్రత్తంతా స్విచ్ వెయ్యకముందే పడాలి.

బస్తర్ కలప

దక్షిణ ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌ను సాలవనాల ద్వీపం అంటారు. సాల వృక్షం మనకు గుగ్గిలం చెట్టు, అక్కడి హల్బీ భాషలో సర్గి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం కూడా అదే. బరువు, గట్టిదనం వల్ల దూలాలకూ రైలు స్లీపర్లకూ పేరుపడిన ఈ కలప రంపం బల్ల మీద మాత్రం పనివాణ్ణి పరీక్షిస్తుంది. దీని పోచ ఒకే దిక్కున నడవదు. పొరపొరకూ వాలు మార్చుకుంటూ పెనవేసుకుంటుంది. ఆరడం చాలా నిదానం. పైకి ఎండినట్టు కనిపించే పలక నడుమ పచ్చిగానే ఉండొచ్చు.

అలాంటి పలకను నిలువునా కోస్తుంటే లోపల బిగిసి ఉన్న ఒత్తిడి విడుస్తుంది. కోత మూరెడు సాగేసరికి, బ్లేడు దాటి వచ్చిన గాడి అంచులు మెల్లగా దగ్గరకు జరుగుతాయి. ముందు మోటారు మోత బరువెక్కుతుంది. తర్వాత కాలిన వాసన వస్తుంది, కోత అంచున గోధుమరంగు మరక పడుతుంది. ఆ మరక కనిపించిందంటే చెక్క బ్లేడును నొక్కుతోందన్నమాట. టేకు సంగతి వేరు. అది నిలకడగా ఉంటుంది గాని, అందులోని ఇసుక గుణం పళ్లను తొందరగా మొద్దుబారుస్తుంది. మొద్దు బ్లేడుకు ఎక్కువ బలంతో తొయ్యాలి. అలా తోస్తున్న చెయ్యి జారితే ఆగదు.

ఎదురు తన్ను

బ్లేడు ముందువైపు పళ్లు కిందికి దిగుతూ చెక్కను బల్లకు అదుముతాయి. వెనకవైపు పళ్లు పైకి లేస్తాయి. గాడి మూసుకుపోయో, చెక్క తనకు పక్క ఆసరాగా నిలిచే గైడును వదిలి తిరిగో ఆ వెనక పళ్లకు చిక్కితే అవి దాన్ని ఎత్తి కోసేవాడి మీదికి విసురుతాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. ఛాతీకో కడుపుకో తగిలే దెబ్బ ఒక్కటే కాదు, చెక్క ఎగిరిపోయిన క్షణంలో దాన్ని తోస్తున్న చెయ్యి నేరుగా పళ్ల మీదికి పోతుంది.

దీనికి విరుగుడు రైవింగ్ నైఫ్. బ్లేడు వెనకే, దానికి దగ్గరగా నిలిచే ఉక్కు రేకు ఇది. మందం బ్లేడు పలక కంటే కాస్త ఎక్కువ, కోసిన గాడి కంటే కాస్త తక్కువ ఉంటుంది. గాడి అంచులను కలవనివ్వదు, చెక్కను వెనక పళ్ల దాకా పోనివ్వదు. యంత్రం మీద ఒక్క భాగాన్నే కాపాడుకోగలమంటే దీన్నే కాపాడుకోవాలి. అడ్డమొస్తుందని చాలాచోట్ల ముందు విప్పి పడేసేదీ దీన్నే. బ్లేడు కంటే ఎత్తు తక్కువ ఉంచి బిగిస్తే పైపై గాడి కోతలకూ ఇది అడ్డురాదు. కోత మధ్యలో పలక బిగుసుకున్నట్టు తోస్తే చెక్కను వెనక్కి లాగకూడదు. ఉన్నచోటే గట్టిగా పట్టి ఉంచి స్విచ్ ఆపాలి, బ్లేడు పూర్తిగా నిలిచాక గాడిలో చెక్క చీల దిగ్గొట్టి మళ్లీ మొదలుపెట్టాలి.

కోసే పద్ధతి

నిలువు కోతకు గైడు ఆధారం. గైడుకు ఆనే అంచు తిన్నగా ఉండాలి, బల్లకు ఆనే ముఖం చదునుగా ఉండాలి. వంకర పలకను ముందు చిత్రిక పట్టాలి. అడ్డ కోతకు ఆధారం మైటర్ గేజి, అంటే బల్ల గాడిలో జరుగుతూ చెక్కను ముందుకు నడిపే పట్టీ. ఆ రెంటినీ ఒకే కోతకు వాడితే తెగిన ముక్క బ్లేడుకూ గైడుకూ మధ్య ఇరుక్కుని ఎగురుతుంది. బ్లేడు చెక్క మీదికి ఒక పన్ను ఎత్తున కనిపిస్తే చాలు. మనిషి బ్లేడుకు సూటిగా కాక ఓ పక్కకు నిలబడాలి. వేళ్లు జానెడు దూరంలోకి రాకముందే తోపుడు కర్ర అందుకోవాలి. దీన్ని కొననక్కర్లేదు, మిగులు చెక్కలో మడమలాంటి మెట్టు చెక్కుకుంటే సరిపోతుంది. చేతి తొడుగు, వేలాడే చొక్కా చెయ్యి, మెడలో గమ్ఛా ఏవీ ఉండకూడదు. బస్తర్ కొయ్యబొమ్మల పనిలో చిన్న ముక్కలు తరచుగా కావాలి. అడుగు కంటే పొట్టి ముక్కను బల్ల మీద పెట్టకుండా, పొడవు పలకను ముందు కావలసిన వెడల్పుకు చీల్చి, ఆ తర్వాత చేతిరంపంతో తుంచుకోవడం క్షేమం.

మనదేశంలో చాలా వడ్రంగి దుకాణాల్లో అసలు టేబుల్ సా ఉండదు. రాయి కోసే మార్బుల్ కట్టరును బల్ల కింద తిరగేసి బిగిస్తారు, స్విచ్‌ను తీగతో కట్టేస్తారు. నిమిషానికి 12,000 చుట్లకు పైన తిరిగే ఆ చిన్న బ్లేడుకు కప్పూ ఉండదు, వెనక రేకూ ఉండదు. చవకైన ఏర్పాటే, కాని చెక్క కోతకు దీన్ని ఎవరూ ఎంచుకోకూడదు. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో ఇంకో ముప్పు ఉంది. మామూలు స్విచ్ వేసే ఉండిపోతే, సరఫరా రాగానే బ్లేడు దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. నో-వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టరు పెడితే, మళ్లీ బటన్ నొక్కేదాకా మోటారు కదలదు.

చేతిపని నేర్పేది

చేతి పనిముట్లతో కట్టే రథం ఉన్న బస్తర్ దసరా 75 రోజుల పండుగ. ఓరుగల్లు నుంచి వచ్చి ఇక్కడ రాజ్యం నిలిపాడని చెప్పే కాకతీయ అన్నమదేవుడి వంశం నడిపిన ఉత్సవం కనుక తెలుగువారికి ఇది దూరపు ముచ్చట కాదు. హరేలీ అమావాస్యనాడు, అంటే మన లెక్కలో ఆషాఢ అమావాస్యనాడు, జగదల్‌పూర్ దంతేశ్వరి గుడి ముందు అడవి దుంగకు చేసే పూజతో ఇది మొదలవుతుంది. రథాన్ని బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ ఊళ్ల వడ్రంగులు గొడ్డలి, బాడిసలతో కడతారు. బాడిస ఎత్తినవాడు పోచ ఎటు వాలిందో, ముడి ఎక్కడుందో చూడకుండా దెబ్బ వెయ్యడు. మోటారు ఎంత బలమైనదైనా టేబుల్ సా దగ్గర అదే చూపు కావాలి. ముడి, పగులు, మేకు, పచ్చితనం అన్నీ బల్ల మీద పెట్టకముందే వెతకాలి.

చట్టాలు, కొత్త యంత్రాలు

కోతమిల్లులకు ఉమ్మడి మధ్యప్రదేశ్ 1984లోనే లైసెన్సు చట్టం తెచ్చింది. కేంద్రం అనుమతి లేకుండా అడవుల్లో మిల్లులు నడపరాదని 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇవన్నీ అడవి కోసం. యంత్రాల ప్రమాదకర భాగాలకు రక్షణ కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, సెక్షన్ 21 చెప్పేది. ముగ్గురు నలుగురు పనిచేసే దుకాణం ఆ చట్టం లెక్కలోకే రాలేదు. అందుకని అక్కడి వేళ్ల భద్రత యజమాని మనసు మీదే ఆధారపడింది.

అమెరికాలో స్టీవ్ గాస్ 1999లో ఆలోచించి రూపొందించిన సాస్టాప్ పద్ధతిలో, చర్మం తగలగానే విద్యుత్ సంకేతం మారి సెకనులో 200వ వంతులో బ్లేడు ఆగుతుంది. పచ్చి కలపలోని తడి కూడా ఆ సంకేతాన్ని కదిలించి బ్రేకు వేయించగలదు కాబట్టి, తడారని సాల పలకకు ఇది కుదరకపోవచ్చు.

వేలు తెగితే

ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. గాయాన్ని శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచాలి. తెగిన భాగాన్ని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచు కలిపిన నీళ్లలో పెట్టాలి. మంచు నేరుగా తగిలితే కణాలు చచ్చిపోతాయి. జగదల్‌పూర్ దగ్గర డిమ్రాపాల్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. వేలు అతికించడానికి రాయ్‌పూర్ దాకా వెళ్లాల్సివస్తే అది అక్కణ్నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. వేలును చల్లగా ఉంచితేనే ఆ దారి దాటేదాకా దాన్ని తిరిగి అతికించే వీలు మిగులుతుంది.