సబర్

హైదరాబాద్ బజార్లో ‘జర సబర్ కరో’ అంటే కాస్త ఆగమనే. అరబ్బీలో ‘సబ్ర్’ మొదటి అర్థం ఇంత మెత్తనిది కాదు. కట్టిపడేయడం, కదలకుండా పట్టి ఉంచడం. పశువును కట్టేసి బాణాలకు గురిగా పెట్టవద్దని ప్రవక్త వారించిన హదీసులో ఉన్నది ఈ ధాతువే. ఖురాన్‌లో ఆ తాడు మనిషి తన మనసుకు తానే వేసుకోవాలి. అందుకే పండితులు సబర్‌ను కష్టకాలానికే వదిలేయలేదు. పాపానికి చేయి చాపకపోవడం, ఆరాధనలో నిలకడ కూడా అందులోవే అన్నారు. ఉపవాసాల రంజాన్‌కు ‘సబర్ మాసం’ అని పేరు.

అలాగని ఏడవకూడదని కాదు. కొడుకు యూసుఫ్ దూరమైనప్పుడు ‘సబ్రున్ జమీల్’, అందమైన సహనం, అన్న తండ్రి యాకూబ్ ప్రవక్తకే దుఃఖంతో కళ్లు తెల్లబడ్డాయని ఖురాన్ చెబుతుంది. ఆయన మొర మనుషులతో కాదు, అల్లాహ్‌తో పెట్టుకున్నాడు. అయ్యూబ్ ప్రవక్త సహనమే లోకంలో ఎక్కువ ప్రసిద్ధం గానీ, నాకు ఈ ముసలి తండ్రే దగ్గరివాడనిపిస్తాడు.

‘సబ్ర్’లోని మూడు హల్లులతోనే అరబ్బీలో చేదు కలబందకూ పేరుంది: సబిర్. దాన్నుంచి ‘ముసబ్బర్’. బెణికితే పట్టు వేయడానికి మనం పచారీ కొట్లో అడిగే ముసాంబరం ఆ మాటే.